అదే లెక్క, రెండు నిర్ణయాలు: తప్పు మనిషిదా, మాటదా?

తెల్లకాగితం

మా నాన్నకు 71 ఏళ్ళు. నలభై ఏళ్ళు ఇతరుల జమాఖర్చులు తనిఖీ చేసిన మనిషి. ఒక్క అంకె తేడా వస్తే అది దొరికేదాకా నిద్రపోయేవారు కాదు. ఆయన గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది, మార్చాలన్నారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి కవాటం పంపే పద్ధతి ఆయనకు కుదరదని, ఛాతీ తెరవాల్సిందేనని చెప్పారు.

మొదటి వైద్యుడు ఇలా అన్నాడు: "ఈ వయసులో, మీకున్న మిగతా జబ్బులతో, వందకు పది మంది నెల తిరగకుండా చనిపోతారు." నాన్న వద్దన్నారు. ఎంత బతిమాలినా వినలేదు.

ఐదు వారాల తరువాత ఇంకొక వైద్యుడి దగ్గరకు వెళ్ళాం. ఆయన అన్న మాట ఇది: "మీలాంటి వారిలో వందకు తొంభై మంది కోలుకుని ఇంటికి వెళ్తారు." నాన్న ఆ గదిలోనే సరే అన్నారు.

పదీ తొంభై కలిస్తే వంద. ఈ సంగతి నాన్నకు నేను చెప్పాలా? ఆపరేషన్‌కు ఇంకా సమయం ఉంది, కానీ నాకు మనసు కుదురుగా లేదు. మాట తీరు మారితేనే మారిపోయిన నిర్ణయం రేపు మరో మాటకు మళ్ళీ మారదా? మనం రోజూ తీసుకునే నిర్ణయాలన్నీ ఇలాంటివేనా? లోపం మా నాన్న ఆలోచనలో ఉందా, చెప్పినవాళ్ళ మాటలో ఉందా? తెలిసినవారు ఉంటే చెప్పండి. ఊరడింపు వద్దు, నిజం కావాలి.

తూనికరాయి

నేను గణాంకశాస్త్రం బోధిస్తాను. మీరు అడిగిన ప్రశ్నకు దాదాపు అచ్చంగా సరిపోయే ప్రయోగం ఒకటి 1982లో జరిగింది. బార్బరా మెక్‌నీల్, ఏమస్ ట్వెర్‌స్కీ, మరి ఇద్దరు కలిసి చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకుని, శస్త్రచికిత్స, రేడియేషన్ రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నారు. కొందరికి ఎంతమంది బతుకుతారో చెప్పారు, కొందరికి ఎంతమంది చనిపోతారో చెప్పారు. అంకెలు ఒకటే. బతుకు లెక్క చూసినవారిలో 18 శాతం మంది రేడియేషన్ కోరుకున్నారు. చావు లెక్క చూసినవారిలో 44 శాతం. పాల్గొన్న 1,100 మందికి పైగా మనుషుల్లో రోగులున్నారు, గణాంకాలు చదివిన విద్యార్థులున్నారు, 400 మందికి పైగా వైద్యులున్నారు. వైద్యులూ అలాగే జారారు.

కాబట్టి మీ నాన్నగారు ఒంటరి కారు. కానీ మీరు నిజం అడిగారు కనుక చెబుతున్నాను: లోపం ఆలోచనలోనే ఉంది. ఆయనది మాత్రమే కాదు, మనందరిదీ. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమాన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. మనసు ఫలితాన్ని నేరుగా తూచదు. ఎక్కడో ఒక గీత గీసుకుని, దానికి పైనున్నదాన్ని లాభంగా, కిందున్నదాన్ని నష్టంగా చూస్తుంది. నష్టం బరువు లాభం బరువుకు రెండింతలకు పైగా ఉంటుందని వారి తరువాతి అంచనా. "చనిపోతారు" అన్న మాట గీతను జీవితం దగ్గర పెట్టి కిందకు చూపిస్తుంది. "బతుకుతారు" అన్న మాట గీతను మరణం దగ్గర పెట్టి పైకి చూపిస్తుంది. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. నలభై ఏళ్ళ జమాఖర్చుల అనుభవం దీన్ని ఆపలేదు.

నిదానం

తూనికరాయి గారూ, ప్రయోగం నిజమే. దాని నుంచి మీరు తీసిన ముగింపుతోనే నాకు పేచీ.

"పది మంది చనిపోతారు", "తొంభై మంది బతుకుతారు" అనే రెండు వాక్యాలు గణితంలో ఒకటే. మనుషుల మధ్య సంభాషణలో ఒకటి కావు. మాట్లాడే మనిషి ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకున్నాడు. ఆ ఎంపికలోనే ఒక కబురు ఉంది. మెకెంజీ, నెల్సన్ అనే పరిశోధకులు 2003లో దీన్ని గ్లాసులతో చూపించారు. ఒక గ్లాసు నిండా నీళ్ళున్నాయి, ఇంకొకటి ఖాళీ. నిండుదానిలోంచి సగం ఖాళీదానిలో పోస్తే రెండూ సగానికి వస్తాయి. ఇప్పుడు "సగం ఖాళీగా ఉన్న గ్లాసు" ఏదంటే మొదట నిండుగా ఉన్నదాన్నే చూపించేవారు ఎక్కువ. అంటే "సగం ఖాళీ" అన్నప్పుడు మనం ఇప్పటి కొలతతో పాటు, అది ఎక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందో కూడా చెబుతున్నాం. వినేవారికీ అది అందుతుంది.

వైద్యుడు చావుతో మొదలుపెడితే, "ఈయనకు ఇది చేయాలని నాకు అంతగా లేదు" అని రోగి అర్థం చేసుకోవడం అహేతుకమా? అనుభవజ్ఞుడి గొంతులోని మొగ్గును పట్టుకోవడం అది. అంకె కన్నా ఆ మొగ్గులోనే ఎక్కువ సమాచారం ఉండవచ్చు.

ఇక నష్టం బరువు ఎక్కువ అన్నారు. కీడెంచి మేలెంచమని పెద్దలు చెప్పింది ఎందుకు? లాభం తప్పిపోతే మళ్ళీ ప్రయత్నించవచ్చు. కొన్ని నష్టాల తరువాత ప్రయత్నించడానికి మనిషే ఉండడు. ఆ తేడాను లెక్కలోకి తీసుకునే మనసును దోషి అంటే ఎలా? మనిషికి కాలం, సమాచారం, శక్తి అన్నీ పరిమితమేనని, అందుకే అత్యుత్తమం కోసం వెతకకుండా సరిపోయేది దొరికితే ఆగుతాడని ఆర్థిక శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1950లలోనే చెప్పాడు. కొలబద్దను ఆకాశంలో పెట్టి, అందుకోలేకపోయినవారందరినీ తెలివితక్కువవారు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తూనికరాయి

తెలివితక్కువవారు అని నేను అనలేదు. ఆ మాట నా నోట పెట్టకండి.

గ్లాసు ప్రయోగాన్ని ఒప్పుకుంటాను. కానీ మెక్‌నీల్ ప్రయోగంలో గొంతు లేదు, ముఖం లేదు, ఉన్నది కాగితం. వైద్యులైన పాఠకులకు ఎవరి సలహా కబురూ అవసరం లేదు కదా, తొంభై అని చదవగానే పదిని వారే తీసుకోగలరు. అయినా జారారు.

ఇంకొకటి. ఇదంతా సంభాషణలోని చమత్కారమే అయితే, మాటతో పనిలేని చోట మనం బాగా ఆలోచించాలి. ఆలోచించడం లేదు. కానెమాన్ తన సొంత అనుభవం ఒకటి చెప్పాడు. నిర్ణయాలు తీసుకోవడం గురించే బడిపిల్లలకు పాఠ్యపుస్తకం రాయడానికి ఆయన ఒక బృందాన్ని కూర్చాడు. ఎంతకాలం పడుతుందో ఎవరికి వారు విడిగా రాయమంటే, అందరూ ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ మధ్యలో రాశారు. తరువాత ఆ బృందంలోనే ఉన్న పాఠ్యప్రణాళికల నిపుణుడు సేమూర్ ఫాక్స్‌ను, ఇలాంటి ఇతర బృందాల సంగతేమిటని అడిగాడు. ఫాక్స్ కాసేపు ఆలోచించి, దాదాపు 40 శాతం బృందాలు అసలు పూర్తి చేయనే లేదని, చేసినవాటికి ఏడు నుంచి పదేళ్ళు పట్టిందని చెప్పాడు. గమనించండి, అదే ఫాక్స్ కొన్ని నిమిషాల ముందు కాగితం మీద రెండున్నరేళ్ళకు మించి రాయలేదు. తనకు తెలిసిన సమాచారం తన అంచనాలోకి రాలేదు. విన్నవాళ్ళు ఏం చేశారు? పని కొనసాగించారు. పుస్తకం పూర్తవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. అప్పటికి దాన్ని కోరినవారికి ఆసక్తి పోయింది, అది వాడుకలోకి రాలేదు.

వారికి ఎవరూ మోసపు మాట చెప్పలేదు. గొంతులో మొగ్గు లేదు. ఈ విషయంలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ తెలిసిన మనుషులు, పూర్తి అంకె చేతిలో పెట్టుకుని, పక్కకు నెట్టారు.

ఇసుకగడియారం

ఈ పాఠ్యపుస్తకం కథ నన్ను తాకింది. నేను ఒక పరిశోధనాంశం మీద తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. నాలుగో ఏడాదికే అది ఎటూ పోదని నాకు తెలుసు. అనుమానం కాదు, ఖాయంగా తెలుసు. అయినా ఐదేళ్ళు లాగాను.

అందరూ చెప్పే వివరణ, అప్పటికే పెట్టిన కాలం వృథా అవుతుందనే బాధ. పెట్టిన ఖర్చు తిరిగి రాదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఎవరైనా చెప్పగలరు, నేనే ఇతరులకు చాలాసార్లు చెప్పాను. కానీ నన్ను పట్టి ఉంచింది ఆ లెక్క కాదు. ఆపేస్తే ఆ మాట మా మార్గదర్శకుడికి, అమ్మకు, నాతో పాటు చేరి బయటపడిన మిత్రులకు చెప్పాలి. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని తప్పించుకోవడానికి ఐదేళ్ళు ఇచ్చాను. ప్రతిరోజూ ఆ రోజుకు మాత్రం అది చవకగానే కనిపించింది.

నన్ను అహేతుకుడు అనాలంటే నా లక్ష్యం ఏమిటో ముందు తేల్చాలి. మంచి పరిశోధన నా లక్ష్యమైతే నేను చేసింది ఘోరం. అవమానం తప్పించుకోవడమే లక్ష్యమైతే చాలా నిలకడగా పనిచేశాను. నాకు తెలియకుండానే రెండో లక్ష్యం మొదటిదాన్ని మింగేసింది.

హ్యారీ మార్కోవిట్జ్ అనే ఆయన పెట్టుబడులను ఎలా పంచుకోవాలో చెప్పే గణిత సిద్ధాంతాన్ని 1952లో ఇచ్చాడు, దానికే 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. తన పదవీ విరమణ సొమ్ము విషయంలో ఆ గణితం వాడలేదని ఆయనే చెప్పాడు. షేర్లు పెరిగి తాను వాటిలో లేకపోతే ఎంత బాధపడతాడో, పడిపోయి తాను పూర్తిగా వాటిలోనే ఉంటే ఎంత బాధపడతాడో ఊహించుకుని సగం సగం పెట్టాడట. దీన్ని తప్పనాలా? రేపటి పశ్చాత్తాపం కూడా ఆయన భరించాల్సిన ఖర్చే కదా.

నీటిచుక్క

ఇంత దూరం ఎందుకు? అన్నింటికీ మూలం భయం. భయం, ఆవేశం, మమకారం పక్కన పెట్టి చల్లగా లెక్క వేసుకుంటే తొంభై శాతం పొరపాట్లు పోతాయి. మీ నాన్నగారి చేత కూడా కాగితం మీద లాభనష్టాలు రాయించండి.

నిదానం

నీటిచుక్క గారూ, భావాలను పక్కన పెట్టగలిగిన మనుషులను వైద్యశాస్త్రం చూసింది. వారి జీవితాలు బాగుపడలేదు, కూలిపోయాయి.

నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో దగ్గరకు నుదుటి వెనుక, కళ్ళ పైన ఉండే మెదడు భాగం దెబ్బతిన్న రోగులు వచ్చేవారు. తెలివి పరీక్షల్లో లోటు లేదు, జ్ఞాపకం బాగుంది, తర్కం బాగుంది. భావాలు మాత్రం చప్పబడిపోయాయి. వారిలో ఒకరికి తరువాత రావలసిన తేదీ కోసం రెండు రోజులు సూచించి, ఏది వీలని అడిగాడు. ఆ మనిషి దినచర్య పుస్తకం తీసి దాదాపు అరగంట ఆ రెండు తేదీల లాభనష్టాలు వివరిస్తూ పోయాడు. ఇతర పనులు, ఆ రోజుల్లో వాతావరణం, ఒక్కటీ వదలలేదు. ఆపలేకపోయాడు. చివరికి డమాసియోయే రెండో తేదీన రమ్మంటే, సరేనని వెంటనే లేచి వెళ్ళిపోయాడు.

చల్లని లెక్క అంటే అది. ఏది ముఖ్యమో చెప్పే పని లెక్క చేయదు. ఆ పని భావానిదే.

తూనికరాయి

ఆ రోగి కథ నాకూ ఇష్టం. కానీ దాని నుంచి భయం మంచి సలహాదారు అని తేలదు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికాలో ఎంతోమంది విమానాలు మానేసి కార్లలో ప్రయాణించారు. రోడ్డు ప్రయాణం మైలుకు మైలు చూస్తే విమానం కన్నా ఎంతో ప్రమాదకరం. ఆ ఏడాది కాలంలో అదనంగా సుమారు 1,500 మంది రోడ్ల మీద చనిపోయారని ఒక అంచనా. విమానాల్లో ఉన్న ప్రమాదం తప్పించుకోబోయి చనిపోయినవారు. ఆ అంచనా కట్టింది గెర్డ్ గిగరెంజర్. నిదానం గారూ, మనిషి సహజబుద్ధిని మీలాగే గట్టిగా సమర్థించే పండితుడు ఆయన.

భావం ఏది ముఖ్యమో చెబుతుంది, ఒప్పుకున్నాను. అది ఎంత తరచుగా జరుగుతుందో మాత్రం దానికి తెలియదు.

మూడోకన్ను

నేను మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇరువైపులా ప్రయోగాలను రాళ్ళలా విసురుకుంటున్నారు. ఈ రంగంలో అన్ని ఫలితాలూ ఒకే బలం ఉన్నవి కావని గుర్తుంచుకోవాలి. నా సొంత రంగం గురించి ఇది రాయడం నాకు సంతోషం కాదు, అయినా రాయాలి.

సంకల్పబలం ఇంధనంలా కరిగిపోతుందని, అందుకే సాయంత్రానికి చెడు నిర్ణయాలు తీసుకుంటామని చాలాకాలం బోధించారు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేల మందికి పైగా మనుషులతో మళ్ళీ చేసి చూస్తే ప్రభావం దాదాపు సున్నా. భోజన విరామానికి ముందు జడ్జీలు ఖైదీలకు పెరోల్ ఇవ్వడం మానేస్తారన్న 2011 అధ్యయనం కూడా ఎంతో ప్రచారం పొందింది. కానీ కేసులు వచ్చే వరుస యాదృచ్ఛికం కాదని, న్యాయవాది లేని ఖైదీలు ఆ పూట చివరలో వస్తారని వెంటనే అభ్యంతరం వచ్చింది. ఆకలి కథ చెప్పడానికి బాగుంటుంది కనుక బతికిపోయింది.

మరోవైపు, మొదట విన్న అంకె మన అంచనాను తన వైపు లాగుతుందన్న ఫలితం గట్టిది. 2014లో 36 చోట్ల ఒకేసారి చేసిన పునఃపరీక్షల్లో అది మొదటి ప్రయోగాల కన్నా బలంగా వచ్చింది. లాభనష్టాల మాటతీరు ప్రభావం కొంత చిన్నదిగా నిలిచింది, పెట్టిన ఖర్చు మీద మమకారం కూడా నిలిచింది. తూనికరాయి గారు చెప్పిన 1979 సిద్ధాంతంలోని ప్రశ్నలను 2020లో 19 దేశాల్లో నాలుగు వేల మందికి పైగా మనుషులను అడిగితే చాలా వరకు అవే ధోరణులు కనిపించాయి. కాబట్టి తెల్లకాగితం గారి నాన్నగారి విషయంలో మాటతీరు ప్రభావం ఉండే అవకాశం నిజమైనదే.

ఒక్క మాట ఇద్దరికీ. నిర్ణయం తీసుకునే సమయానికి మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నది మీరు పట్టించుకోవడం లేదు. కొన్ని వందల మంది చెరకు రైతులను పంట కోతకు ముందు, కోత తరువాత పరీక్షించిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో తర్క పరీక్షల్లో తక్కువ మార్కులు, పంట సొమ్ము వచ్చాక అదే మనుషులకు ఎక్కువ మార్కులు. మనిషి మారలేదు, మెదడు మారలేదు, మోస్తున్న చింత మారింది. "హేతుబద్ధమైన మనిషి", "అహేతుకమైన మనిషి" అని ఇద్దరు ఉన్నట్టు మాట్లాడటం ఇక్కడే చెడుతుంది.

తెల్లకాగితం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నాన్నను నేరుగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పదీ తొంభై ఒకటేనని నాకు ఆ రోజే తెలుసమ్మా. మొదటి ఆయన ఆ మాట అని కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. నీ ముఖం చూశాను, పాలిపోయి ఉంది. ఈ గదిలో ఎవరికీ నమ్మకం లేదు, నేనెందుకు పెట్టుకోవాలి అనుకున్నాను. రెండో ఆయన కుర్చీ జరుపుకుని నా చెయ్యి చూసి మాట్లాడాడు."

ఐదు వారాలు ఆయన చదువుకున్నది నా ముఖమని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నిదానం గారు చెప్పిందే నిజమైంది.

మూడోకన్ను

తెల్లకాగితం గారూ, ముందు మిమ్మల్ని మీరు నిందించుకోవడం ఆపండి. మీ నాన్నగారు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. కానీ ఐదారు వారాల తరువాత చెప్పిన కారణమే అప్పటి కారణమని గట్టిగా అనుకోలేం.

2005లో స్వీడన్ పరిశోధకులు కొందరికి రెండేసి ముఖాల ఫొటోలు చూపించి, ఎవరు బాగున్నారో ఎంచుకోమన్నారు. తరువాత గారడీవాళ్ళ చేతివాటంతో ఫొటో మార్చి, వద్దన్నదాన్నే చేతికిచ్చి, ఎందుకు ఎంచుకున్నారని అడిగారు. మార్పును చాలాసార్లు ఎవరూ పసిగట్టలేదు. పైగా తాము ఎంచుకోని ముఖంలోని గుర్తులనే కారణాలుగా చెప్పారు. వాళ్ళు మోసం చేయడం లేదు, మనస్ఫూర్తిగా చెబుతున్నారు. అంతకుముందు 1977లో నిస్బెట్, విల్సన్ అచ్చంగా ఒకేలా ఉన్న నాలుగు జతల మేజోళ్ళను వరుసగా పెట్టి మంచిది ఎంచుకోమంటే, కుడి చివరదాన్ని తీసుకున్నవారే ఎక్కువ. కారణం అడిగితే నేత గురించి, నాణ్యత గురించి చెప్పారు. స్థానం గురించి ఒక్కరూ అనలేదు.

మనం మన నిర్ణయాలకు సాక్షులం అనుకుంటాం. చాలాసార్లు తరువాత వచ్చి ఊహించి చెప్పేవాళ్ళమే.

నిదానం

దీనికి నేను ఒప్పుకోను. ఫొటోలు, మేజోళ్ళు ఎవరి జీవితానికీ సంబంధం లేని ఎంపికలు. తన ప్రాణం గురించి ఒక పెద్దమనిషి, కూతురి ముఖం గుర్తుంచుకుని చెప్పిన మాటను వాటి పక్కన పెట్టి కొలవకండి. మనిషి కారణం చెప్పకపోతే అహేతుకుడు, చెబితే కల్పన అంటే, ఇక అతను ఎలా గెలుస్తాడు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు కాదూ ఈ సిద్ధాంతం?

మూడోకన్ను

మీ కోపంలో న్యాయం ఉంది. పెద్ద నిర్ణయాల్లో ఈ ప్రభావం ఎంత ఉంటుందో మేజోళ్ళు చెప్పలేవు. నేను అన్నదల్లా, ఆయన మాట ఒక సాక్ష్యం, తీర్పు కాదు అని. కూతురి ముఖం కారణం కాకపోవచ్చన్న మాట ఆమెకు ఈ పూట అవసరమని కూడా అనిపించింది.

పడమటిగాలి

గుండె జబ్బుల వార్డులో 22 ఏళ్ళుగా నర్సును. ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. ఇంతమంది ఇన్ని ప్రయోగాలు చెప్పారు, ఒక్కరూ అడగలేదు: ఆపరేషన్ చేయించుకోకపోతే వందలో ఎంతమంది?

పది అన్నా తొంభై అన్నా అది సగం వాక్యమే. పదిని దేనితో పోల్చాలి? ఎవరూ చెప్పకపోతే రోగి తనకు తెలిసినదానితో పోల్చుకుంటాడు. మొదటిసారి మీ నాన్నగారు బహుశా "ఇప్పుడున్నట్టే ఉండిపోతే" అన్నదానితో పోల్చారు. ఆ పక్కన పెడితే పది చాలా పెద్ద అంకె. ఈ జబ్బులో ఐదు వారాలు తక్కువ కాలం కాదు. ఆయనకు మెట్లు ఎక్కడం కష్టమైందా? పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నారా? అలా అయితే రెండోసారి ఆయన పోల్చింది అప్పటి స్థితితో. తూనికరాయి గారు చెప్పిన గీత జరిగింది. మాట జరిపి ఉండవచ్చు, జబ్బే జరిపి ఉండవచ్చు.

మేము చెప్పే తీరులో తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను. గిగరెంజర్ బృందం 160 మంది స్త్రీవైద్య నిపుణులను అడిగిన ప్రశ్న ఒకటి శిక్షణలో మాకు చెప్పారు. రొమ్ము క్యాన్సర్ నూటికి ఒకరికి ఉంది, ఉన్నవారిలో 90 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది, లేనివారిలో 9 శాతం మందికి కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పరీక్షలో ఉందని వస్తే నిజంగా ఉండే అవకాశం ఎంత? సరైన జవాబు చెప్పినవారు 21 శాతం. తరువాత అదే లెక్కను శాతాలు వదిలి మనుషుల్లో చెప్పడం నేర్పారు. వెయ్యి మందిలో పది మందికి జబ్బు, వారిలో తొమ్మిది మంది దొరుకుతారు. జబ్బు లేని 990 మందిలో 89 మందికి కూడా ఉందని వస్తుంది. కాబట్టి ఉందని వచ్చిన 98 మందిలో నిజంగా ఉన్నది తొమ్మిది మందికి. ఇలా చూశాక 87 శాతం మంది సరిగ్గా చెప్పారు. అవే తలకాయలు.

వైద్యుడిని మళ్ళీ కలిసి ఒక కాగితం మీద గడులు గీయండి. ఒక వరుస ఆపరేషన్‌తో, ఒక వరుస లేకుండా. నెల, రెండేళ్ళు, ఐదేళ్ళు. ప్రతి గడిలో బతికేవారు, చనిపోయేవారు ఇద్దరి అంకెలూ రాయించండి. తెలియకపోతే తెలియదని రాయమనండి.

తూనికరాయి

పడమటిగాలి గారూ, ఇది నేను చూడాల్సింది, చూడలేదు. నేను చెప్పిన 1982 ప్రయోగంలోనే ఈ పోలిక ఉంది, ప్రభావం గురించి చెప్పే తొందరలో దాన్ని దాటేశాను. రేడియేషన్‌లో చికిత్స సమయానికి వందకు వందమందీ బతికే ఉంటారు, ఏడాదికి 77, ఐదేళ్ళకు 22. శస్త్రచికిత్సలో మొదట 90, ఏడాదికి 68, ఐదేళ్ళకు 34. ముందు కోల్పోయేది ఒక చోట, తరువాత దక్కేది ఇంకొక చోట. ఎంతకాలం ఎవరికి ముఖ్యమో దాన్నిబట్టి రెండూ సరైన ఎంపికలే కావచ్చు. మాటతీరు మారితే ఎంపిక మారడం లోపమని ఇప్పటికీ అంటాను. మొదట వద్దన్నందుకే మీ నాన్నగారి ఆలోచన తప్పన్నట్టు రాశాను, దాన్ని వెనక్కు తీసుకుంటున్నాను.

తెల్లకాగితం

ఈ రోజు వెళ్ళి వచ్చాం. అవును, పడమటిగాలి గారూ, మూడు వారాలుగా ఆయన దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటున్నారు. అది కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

రెండో వైద్యుడు ఓపికగా గడులు నింపారు. ఆపరేషన్ వరుసలో నెల గడిలో 90, 10. ఆపరేషన్ లేని వరుసలో నెల గడిలో దాదాపు అందరూ బతికే ఉన్నారు. రెండేళ్ళ గడికి వచ్చేసరికి దాదాపు సగం మంది లేరు. నాన్న ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తరువాత నాతో అన్నారు: "నాకు ముందు చూపించింది ఈ ఒక్క గడే. ఈ గడి మాత్రం చూస్తే వద్దనడమే సరి." ఆయన గొంతులో సమర్థించుకోవడం లేదు. తనిఖీలో తేడా దొరికినప్పుడు అలాగే మాట్లాడేవారు.

ఆపరేషన్ వరుసలో ఐదేళ్ళ గడి దగ్గర వైద్యుడు ఆగారు. ఇన్ని జబ్బులు కలిసి ఉన్నవారికి నమ్మదగిన లెక్క తన దగ్గర లేదన్నారు. నాన్న కలం తీసుకుని ఆ గడిలో ఒక అడ్డగీత గీశారు. ఖాళీగా వదిలితే తరువాత ఎవరైనా ఏదో ఒకటి నింపుతారట. కింద తేదీ వేసి సంతకం చేశారు, జమాఖర్చుల పుస్తకానికి చేసినట్టే.

ఆ కాగితం ఆయన జేబులోనే ఉంది. ఆపరేషన్ వచ్చే మంగళవారం ఉదయం.